జుట్టు నాటించుకున్న తలకు గుండు చేయిస్తే మచ్చలు కనిపిస్తాయా?

ప్రశ్న (గుంటూరు నుంచి)

నా వయసు 36. నుదుటి పైభాగంలోనూ మాడు మీదా జుట్టు బాగా పలచబడింది. హెయిర్ ట్రాన్స్‌ప్లాంట్ గురించి రెండు చోట్ల సంప్రదించాను. ఒకచోట వెనకతల నుంచి చర్మాన్ని సన్నని పట్టీలా తీసి కుట్లు వేస్తామన్నారు. రెండోచోట కుట్లు లేని, మచ్చే పడని పద్ధతి అంటూ ఒకే రోజులో 2500 గ్రాఫ్టులు, అంటే కుదురుతో సహా తీసి నాటే చిన్న చిన్న వెంట్రుకల గుత్తులు, పెడతామన్నారు. నా ఇబ్బంది ఏమిటంటే, మా పాపకు పుట్టువెంట్రుకలు తీయించే రోజున నేనూ తిరుమలలో తలనీలాలు సమర్పిస్తానని మొక్కుకున్నాను. వచ్చే ఏడాది వెళ్లాలి. ఆపరేషన్ తరువాత గుండు చేయించుకుంటే వెనకతల మచ్చలు బయటపడతాయా? మా నాన్నగారికి చెవి కుట్టిన చోట గడ్డలా పెరిగిన మచ్చ కూడా ఒకటి ఉంది కాబట్టి భయంగా ఉంది. మచ్చలు తక్కువగా పడాలంటే ఏ పద్ధతి ఎంచుకోవాలో, ఏ జాగ్రత్తలు తీసుకోవాలో తెలిసినవారు చెప్పగలరు.

జవాబు (చర్మవైద్యురాలు, విశాఖపట్నం)

మచ్చే పడని పద్ధతి అన్న మాటను ముందు పక్కన పెట్టండి. గాయం చర్మం పైపొర దాటి లోపలి పొరలోకి దిగితే అక్కడ మచ్చ ఏర్పడక తప్పదు. వెంట్రుకను కుదురుతో సహా బయటికి తీయాలంటే ఆ లోపలి పొరను దాటాల్సిందే. కనుక మీరు అడగవలసింది మచ్చ పడుతుందా అని కాదు, ఏ ఆకారంలో పడుతుంది, ఎంత పొట్టి జుట్టు దాన్ని దాచగలదు అని.

పట్టీ పద్ధతిలో, అంటే ఎఫ్‌యూటీలో, ఒక చెవి వెనక నుంచి మరో చెవి వెనక దాకా అడ్డంగా ఒక గీత మిగులుతుంది. ఒక్కొక్క కుదురును సన్నని గొట్టంలాంటి పంచ్‌తో తీసే ఎఫ్‌యూఈలో గీత ఉండదు గాని, తీసిన ప్రతిచోటా ఒక చిన్న చుక్క మిగులుతుంది. ఆ చుక్కలో రంగునిచ్చే కణాలు తగ్గిపోవడం వల్ల అది తెల్లగా ఉంటుంది, చామనఛాయ, నలుపు చర్మాల మీద ఇది మరింత కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. ఒక చిన్న లెక్క చూడండి. 0.9 మిల్లీమీటర్ల పంచ్‌తో 2500 రంధ్రాలు చేస్తే వాటి మొత్తం వైశాల్యం దాదాపు 16 చదరపు సెంటీమీటర్లు. 25 సెంటీమీటర్ల పొడవు, 2 మిల్లీమీటర్ల వెడల్పు ఉన్న పట్టీ గీత వైశాల్యం 5 చదరపు సెంటీమీటర్లు మాత్రమే. రంధ్రాలు మానేటప్పుడు కొంత ముడుచుకుంటాయన్నది నిజమే, అయినా ఎఫ్‌యూఈలో గాయం తక్కువని చెప్పడం సరికాదు. ఆ గాయం చెల్లాచెదురుగా ఉండటం వల్లనే కాస్త పొట్టి క్రాపులో కూడా కళ్లకు ఆనదు, అంతే.

మీ ప్రశ్నకు సూటిగా చెప్పాలంటే, బ్లేడుతో నున్నగా గీసిన గుండు మీద రెండు మచ్చలూ కనిపిస్తాయి. పట్టీ గీత దూరం నుంచి కూడా తెలుస్తుంది. చుక్కలు దగ్గరికి వచ్చి చూసేవారికి తెలుస్తాయి, అయితే ఎక్కువ గ్రాఫ్టులు ఒకేచోట తీసేసి ఉంటే మాత్రం అక్కడ చిమ్మెటలు కొట్టిన ఉన్నిబట్టలా అతుకులతుకులుగా కనిపిస్తుంది. మొక్కు ఒక్కటే కాదు, మన ఇళ్లలో కర్మకాండల సమయంలోనూ గుండు చేయించుకోవలసి వస్తుంది గనుక, ఏ మగవాడైనా ఈ సంగతి ముందే ఆలోచించుకోవడం మంచిది. పట్టీ పద్ధతి పనికిరానిదని నేను అనను. జీవితాంతం జుట్టును కాస్త పొడవుగానే ఉంచుకునేవారికి అది మంచి పద్ధతే. మీ విషయంలో మాత్రం నేను ఎఫ్‌యూఈ వైపే మొగ్గుతాను.

అయితే ఎఫ్‌యూఈలో కూడా మచ్చ ఎంత పడుతుందనేది చేసేవారి చేతిలోనే ఉంది. పంచ్ వ్యాసం 1 మిల్లీమీటరు నుంచి 0.8కి తగ్గితే ఒక్కో గాయం వైశాల్యం మూడో వంతుకు పైగా తగ్గుతుంది. అలాగని మరీ సన్నని పంచ్ వాడితే, ముఖ్యంగా చర్మం లోపల వంపు తిరిగి ఉండే ఉంగరాల జుట్టులో, కుదుళ్లు మధ్యలో తెగిపోయి ఇటు వెనకా అటు ముందూ నష్టమే జరుగుతుంది. మీ వెంట్రుక మందాన్నీ వంపునూ పరీక్షించి, మొదట కొన్ని కుదుళ్లను మాత్రమే తీసి చూసి, ఆ తరువాత పంచ్‌ను నిర్ణయించే వైద్యుడిని వెతుక్కోండి. తీసేవాటిని వెనకతల అంతటా సమంగా పరచి తీయాలి. మెడ అంచుకు దగ్గరగా గాని, మాడు కింద వయసుతో పలచబడే ప్రాంతంలో గాని తీయకూడదు, ఎందుకంటే పదేళ్ల తరువాత అక్కడి జుట్టు రాలితే చుక్కలన్నీ బయటపడతాయి. ఒకే రోజు 2500 అన్నది దానంతట అదే తప్పు కాదు. వెనకతలను డెర్మోస్కోపుతో, అంటే చర్మాన్ని పెద్దదిగా చూపే పరికరంతో, చూసి, చదరపు సెంటీమీటరుకు ఎన్ని కుదుళ్లున్నాయో లెక్కపెట్టకుండానే ఆ అంకె చెప్పి ఉంటే మాత్రం అది అనుమానించవలసిన విషయమే.

మచ్చ అంటే అందరూ వెనకతల గురించే అడుగుతారు. నాటిన చోట కూడా గ్రాఫ్టును మరీ లోతుగా పెడితే గుంటలూ, పైకి పెడితే బొడిపెలూ మిగులుతాయని, అవి నుదుటి అంచున గుండు లేకపోయినా కనిపిస్తాయని గుర్తుంచుకోండి.

ఇక మీ నాన్నగారి మచ్చ. మీరు చెప్పిన దాన్ని బట్టి అది కీలాయిడ్, అంటే గాయం హద్దు దాటి పెరిగే మచ్చ, కావచ్చు. ఈ గుణం కుటుంబాలలో వస్తుంది. నెత్తి మీద కీలాయిడ్ రావడం అరుదే గాని, రాదని చెప్పలేము. మీకు టీకా వేసిన చోట గాని, ఛాతీ, భుజాల మీద మొటిమలు మానిన చోట గాని గాయాన్ని మించి పెరిగిన మచ్చలు ఉంటే, మెడ వెనక జుట్టు అంచున గట్టి పొక్కులు వస్తూ ఉంటే, ఆ సంగతి తప్పకుండా వైద్యుడికి చెప్పండి. అలాంటి అనుమానం ఉన్నప్పుడు చెవి వెనక నుంచి కొద్దిపాటి కుదుళ్లు మాత్రమే తీసి, కొన్ని నెలలు ఆగి, మచ్చ ఎలా మానిందో చూసిన తరువాతే పూర్తి శస్త్రచికిత్సకు దిగుతారు. ఆలస్యమవుతుందని దీన్ని కాదనకండి.

మొక్కు విషయంలో నా సలహా, ముందు తిరుమల వెళ్లి రండి. కల్యాణకట్టలో గుండు చేయించుకున్నాక మీ తల మీద ఇప్పటికే ఉన్న పాత గాయాల మచ్చలు మీకే తెలుస్తాయి, వాటిని ఫొటో తీసి ఉంచుకోవచ్చు. ఆ తరువాత జుట్టు కొద్దిగా మొలిచి, బ్లేడు గీతలేవైనా ఉంటే మానిపోయాక శస్త్రచికిత్స చేయించుకుంటే తొందర ఉండదు. ముందే చేయించుకుంటే మాత్రం నాటిన జుట్టు మొదటి నెలల్లో రాలి, మూడు నాలుగు నెలలకు మళ్లీ మొలవడం మొదలై, పూర్తి ఫలితానికి ఏడాది పడుతుంది. చర్మం పూర్తిగా మానిన తరువాత గుండు వల్ల కుదుళ్లకు హాని లేకపోయినా, మీరు ఏడాది ఎదురుచూసిన జుట్టును అప్పుడే ఇచ్చేయవలసి వస్తుంది.

మరో సభ్యుడు (డాలస్ నుంచి)

డాక్టరు గారి మాటతో ఏకీభవిస్తూనే పట్టీ పద్ధతి తరఫున ఒక మాట చెప్పాలి. నేను అదే చేయించుకున్నాను. జుట్టు రెండు సెంటీమీటర్లు ఉంటే మా మంగలికి కూడా గీత కనిపించలేదు. కుట్లు వేసేటప్పుడు గాయం ఒక అంచును సన్నగా చెక్కి, రెండో అంచును దాని మీదికి తెచ్చి కుట్టడం వల్ల వెంట్రుకలు మచ్చలోంచే మొలుస్తాయని మా సర్జన్ చెప్పారు, నా తలలో అలాగే మొలిచాయి. గుండు అవసరం లేనివారు భయపడి దీన్ని వదులుకోనవసరం లేదు.

చర్మవైద్యురాలు

మీరు చెప్పింది ట్రైకోఫైటిక్ కుట్టు, పట్టీ పద్ధతికి వెళ్లేవారు దాన్ని తప్పకుండా అడగాలి. దానితోపాటు పట్టీ వెడల్పు చర్మం ఎంత సాగుతుందో దాన్ని బట్టి ఉండాలి, బలవంతంగా లాగి కుట్టిన గాయం తరువాత సాగి వెడల్పాటి మచ్చగా మారుతుంది. కుట్లు 10 నుంచి 14 రోజులకు తీసేస్తారు గనుక గాయం మానిపోయిందని చాలామంది అనుకుంటారు. నిజానికి మూడు నెలలకు గాని ఆ చర్మం పాత బలంలో 80 శాతం దాకా చేరదు. అందుకే మెడను ముందుకు లాగే వ్యాయామాలు, జిమ్ములో బరువులు వైద్యుడు చెప్పేదాకా మానుకోవాలి. రెండోసారి పట్టీ తీయవలసి వస్తే పాత మచ్చను కలిపి కోసేస్తారు కాబట్టి రెండు గీతలు పడవు.

ప్రశ్న వేసిన వ్యక్తి

ఇద్దరికీ కృతజ్ఞతలు. మొక్కు ముందే తీర్చుకోవాలని ఇంట్లో నిర్ణయించాము. మరో రెండు సందేహాలు. శస్త్రచికిత్స చేసేది డాక్టరేనా, సహాయకులా అని ఎలా తెలుసుకోవాలి? ఇంటికి వచ్చాక మచ్చ తగ్గడానికి నూనె గాని పసుపు గాని రాయవచ్చా? నేను రోజూ బైకు మీదే ఆఫీసుకు వెళ్తాను, హెల్మెట్ సంగతి కూడా చెప్పండి.

చర్మవైద్యురాలు

2022లో జాతీయ వైద్య కమిషన్ హెయిర్ ట్రాన్స్‌ప్లాంట్ గురించి మార్గదర్శకాలు ఇచ్చింది. శస్త్రచికిత్సలో శిక్షణ పొందిన అర్హత గల వైద్యులే దీన్ని చేయాలని, వీడియోలు చూసి నేర్చుకున్నది శిక్షణ కిందికి రాదని అందులో స్పష్టంగా ఉంది. పంచ్ ఎవరు వేస్తారు, నాటడానికి గాట్లు ఎవరు పెడతారు, ఆ వైద్యుడి రిజిస్ట్రేషన్ నంబరు ఏమిటి అని అడిగి, జవాబులను అంగీకార పత్రంలో రాయించుకోండి. వారు చేసిన పాత కేసులలో వెనకతలను పొట్టిగా కత్తిరించి తీసిన ఫొటోలు చూపమని అడగండి. ముందు భాగం ఫొటోలు అందరూ చూపిస్తారు.

పచ్చి గాయం మీద పసుపు, కొబ్బరినూనె, కలబంద ఏవీ వద్దు. మొదటి రోజుల్లో వైద్యుడిచ్చిన స్ప్రేతో తడుపుతూ, చెప్పిన రోజు నుంచి మెల్లగా కడుగుతూ ఉంటే పెచ్చులు పది రోజులకు అటూఇటూగా వాటంతట అవే రాలిపోతాయి. గోకి తీస్తే కుదురు ఊడిరావడమే కాక చీము పట్టే ప్రమాదం కూడా ఉంది, చీము పట్టిన చోట మచ్చ పెద్దదవుతుంది. పొగతాగే అలవాటుంటే శస్త్రచికిత్సకు కొన్ని వారాల ముందే మానాలి, ఎందుకంటే నికోటిన్ చర్మానికి రక్తాన్ని తగ్గిస్తుంది. షుగరు ఉంటే ముందే అదుపులోకి తెచ్చుకోవాలి. మచ్చ ఎర్రగా, ఎత్తుగా, దురదగా మారుతూ ఉంటే ఆలస్యం చేయకుండా చూపించండి. తొలిదశలో స్టెరాయిడ్ ఇంజెక్షన్లతో చాలావరకు అణుగుతుంది. పాతబడి తెల్లగా స్థిరపడ్డ మచ్చలో కొన్ని గ్రాఫ్టులు నాటడం గాని, వెంట్రుక మొదళ్లలా కనిపించేలా రంగు చుక్కలు పొడవడం గాని చేయవచ్చు, అయితే అవి మచ్చను మరుగుపరుస్తాయే తప్ప పోగొట్టవు.

హెల్మెట్ గ్రాఫ్టుల మీద రాసుకుంటుంది గనుక కనీసం రెండు వారాలు వద్దు. అలాగని హెల్మెట్ లేకుండా బైకు నడపమని కాదు, ఆ రోజుల్లో బస్సులోనో ఆటోలోనో వెళ్లండి. తరువాత మొదలుపెట్టినప్పుడు కాస్త వదులుగా ఉన్న హెల్మెట్‌ను లోపల ఉతికిన నూలుగుడ్డ వేసుకుని, ముందు నుంచి వెనక్కి ఈడ్చకుండా నిలువుగా పెట్టుకుని నిలువుగా తీయండి.