చర్చ: మన రోడ్లకు రాయల్ పామ్ కావాలా, తాటి చెట్టు కావాలా?

నగరి నుంచి ఒకరు:
మా ఊరి రోడ్డు వెడల్పు చేయడంలో 11 తాటి చెట్లు పోయాయి. ఇప్పుడు డివైడర్ మీద రాయల్ పామ్ నాటాలంటున్నారు. అది క్యూబా జాతీయ వృక్షం. సున్నం కొట్టిన స్తంభంలా అందంగానే ఉంటుంది, కాదనను. కానీ పిట్టకు గానీ మనిషికి గానీ దానివల్ల ఏమి ఒరుగుతుంది? కూలిన తాడికి వేలాడుతున్న గిజిగాడి గూడు ఒకటి విప్పి చూశాను. తాటాకును దారంలా చీల్చి అల్లిన గూడు. లోపలి గోడకు మెత్తిన మట్టి ఎండిపోయి ఉంది. ఆ పిట్ట ఇప్పుడు ఎక్కడికి పోవాలి?

తిరుపతి నర్సరీ:
అన్నా, మీ బాధ న్యాయమైనదే. కానీ నాటేవాడి కష్టమూ చూడండి. రాయల్ పామ్‌ను ఎదిగిన మొక్కగా తవ్వి తెచ్చినా బతుకుతుంది. తాటి అలా కాదు. గింజ మొలకెత్తగానే నిలువునా భూమిలోకి దిగుతుంది. మనం కాల్చుకుని తినే తేగ అదే. దాన్ని కదిలిస్తే చెట్టు దక్కడం కష్టం. కాపుకు 12 ఏళ్లయినా ఆగాలి. అప్పుడు కూడా పోతు తాడి అయితే ముంజలుండవు, గెల వేసేదాకా ఆ సంగతి తెలియదు. రాయల్ పామ్ పండ్లనూ పిట్టలు తింటాయి. పైగా డివైడర్ మీది తాటి పండు బండి మీద వెళ్లేవాడి తలపై పడితే?

చిత్తూరు, వృక్షశాస్త్రం మాస్టారు:
పండు మాట నిజమే. అయితే రాయల్ పామ్ మట్ట కూడా ఒక్కొక్కటి 15 కిలోలు దాటవచ్చు, అదీ ఎండి కింద పడేదే. అంతకన్నా ముఖ్యం, పైన కరెంటు తీగలున్నాయా చూడండి. వేపను పైన నరికితే పక్క నుంచి చిగురిస్తుంది. తాడికైనా రాయల్ పామ్‌కైనా ఉన్నది ఒకే మొవ్వు. అది తెగితే చెట్టు చచ్చినట్టే. తీగల కింద ఈ రెండూ వద్దు. కొందరు శేషాచలం కొండల సైకస్‌ను నాటమంటున్నారు. ఆకు ఈతాకులా ఉన్నా అది తాటి కుటుంబం కాదు, పూలే పూయని వేరే వంశం. అరుదైన మొక్క, దాన్ని కొండ మీదే ఉండనివ్వండి.

నగరి నుంచి:
మాస్టారూ, డివైడర్ మీద తాటి వద్దు, ఒప్పుకుంటున్నాను. చెరువు కట్టకు ఏమి అడ్డం? వేర్లు మట్టిని పట్టి ఉంచుతాయి, తీగలుండవు, కింద బండ్లు తిరగవు. సరిహద్దుకు అవతల తమిళనాడులో 2021 వ్యవసాయ బడ్జెట్‌లోనే తాటి గింజలు నాటించే పథకం పెట్టారు. తాడిని కొట్టాలంటే కలెక్టరు అనుమతి ఉండాలన్నారు. గాలికీ నేలకూ లేని సరిహద్దు చెట్టుకు ఎందుకు? భాద్రపదంలో రాలిన పండ్ల గింజలు రెండు గోతాలు దాచాను. వచ్చే ఆదివారం కట్ట మీద నాటుతున్నాం.

తిరుపతి నర్సరీ:
నేనూ వస్తాను. కంప తెచ్చి పెట్టుకోండి, మొలకాకు మేకల నోట పడకూడదు. గింజకూ గింజకూ 10 అడుగులు వదలండి.