అప్‌డేట్: క్రిస్మస్ ముందు హాలు గోడకి చెమ్మ, కారణం దొరికింది

నర్సాపురంలో మా హాలు గోడకి పెయింట్ ఉబ్బి రాలిపోతోంది, క్రిస్మస్‌లోపు ఏం చేయాలని అడిగాను కదా, సలహాలిచ్చిన అందరికీ థ్యాంక్స్. బాత్‌రూమ్ వైపు చూడమన్నవాళ్లదే కరెక్ట్. ప్లంబర్ ప్రెజర్ టెస్ట్ (పైపులో ఒత్తిడి పెంచి చూడటం) చేస్తే గోడలోపలి పైపు ఎల్బో, అంటే మలుపు దగ్గర లీకు తేలింది. డాబా వాటర్‌ప్రూఫింగ్‌కీ దీనికీ సంబంధమే లేదు, డ్యాంప్‌ప్రూఫ్ పెయింటూ అక్కర్లేదు, లోపల నీళ్లు కారుతుంటే పైన ఏం వేసినా ఊడిపోతుంది. కొత్త ప్లాస్టరింగ్ పూర్తిగా ఆరకుండా పుట్టీ పెట్టొద్దని మేస్త్రీ గట్టిగా చెప్పాడు, కాబట్టి రంగులు సంక్రాంతి తర్వాతే.

అత్తయ్యా నేనూ చుట్టాలకి ఇవ్వడానికి అల్లిన లేసు టేబుల్ కవర్లని జిప్ బ్యాగుల్లో పెట్టమన్న సలహా కూడా భలే పనికొచ్చింది, ఇల్లంతా సిమెంటు దుమ్ము ఉన్నా తెల్ల దారం మీద ఒక్క మరక పడలేదు.