బలం లేని ప్రభుత్వం సైన్యాన్ని పరాయి దేశానికి పంపవచ్చా?

అలిపిరి మెట్లు:
నిన్న తిరుపతి బస్టాండు దగ్గర టీ తాగుతూ మొదలైన గొడవ ఇది. కెనడాలో ఉన్న మా మేనల్లుడు 2006 నాటి సంగతి చెప్పాడు. 308 మంది ఉన్న సభలో అప్పటి ప్రధాని హార్పర్ పార్టీకి 124 సీట్లే. అఫ్గానిస్తాన్‌లో సైన్యాన్ని 2009 దాకా ఉంచాలన్న తీర్మానం 149–145తో గట్టెక్కింది. నాలుగంటే నాలుగు ఓట్లు! ఆ పాటి బలానికి జవాన్ల ప్రాణాలు పణంగా పెడతారా? సొంత బలం లేనివాడు రోజువారీ పాలన చూసుకుంటే చాలు.

గిరింపేట:
అన్నా, నాలుగు ఓట్లకోసమైనా సభ గుమ్మం ఎక్కాడు కదా. మన రాజీవ్‌కు లోక్‌సభలో 400కు పైగా బలం. 1987 జులై 29న కొలంబోలో లంకతో ఒప్పందానికి సంతకాలు, ఆ వెంటనే అక్కడికి మన సైన్యం. ముందు సభలో ఓటింగు లేదు. మన రాజ్యాంగం దాన్ని తప్పనిసరి చేయలేదు కూడా. వెయ్యి మందికి పైగా జవాన్లు తిరిగి రాలేదు. ఆఖరి దళం వెనక్కి వచ్చింది 1990 మార్చిలో, బయటి మద్దతుతో నెట్టుకొచ్చిన వి.పి.సింగ్ హయాంలో.

కాణిపాకం రోడ్డు:
సగం కథే చెప్పారు. వెళ్లిపొమ్మని లంక కొత్త అధ్యక్షుడు ప్రేమదాస పట్టుబడితే, ఉపసంహరణకు ఒప్పందం 1989 సెప్టెంబరులో రాజీవ్ ఉండగానే కుదిరింది. ఇక 1993లో సోమాలియాకు బ్రిగేడ్‌ను పంపింది సభలో సగం బలం లేని మన పి.వి.గారి మైనారిటీ ప్రభుత్వమే. ఆ జులైలోనే 265–251తో అవిశ్వాసం నుంచి బయటపడ్డారు. వెళ్లింది ఐక్యరాజ్యసమితి జెండా కింద. ఎవరు పిలిస్తే వెళ్లామన్నదే నా లెక్క, సీట్లు కాదు.

అలిపిరి మెట్లు:
లంకకూ అప్పటి అధ్యక్షుడు జయవర్ధనే పిలిస్తేనే వెళ్లాం కదా మాస్టారూ. పిలిచినాయన దిగిపోయాడు, తర్వాతి ఆయన పొమ్మన్నాడు.

పలమనేరు మాజీ జవాను:
అప్పుడు నేను లంకలోని జాఫ్నాలో ఉన్నాను. మూత ఊడిన ట్రాన్సిస్టరుకు రబ్బరు బ్యాండు చుట్టి రాత్రిపూట వార్తలు వినేవాళ్లం. డ్యూటీ దిగి వచ్చిన మా హవల్దారు బూట్లు విప్పుతూ రోజూ ఒకటే అడిగేవాడు: "తేదీ చెప్పారా?" ఢిల్లీలో ఎవరికెన్ని సీట్లో ఆయన ఒక్కనాడూ అడగలేదు. మద్రాసులో దిగాక ఇంటికి పోకుండా నేరుగా కొండెక్కి తలనీలాలు ఇచ్చాను, అమ్మ మొక్కు. గుండుతో గుమ్మంలో నిలబడితే మా చిన్నది జడుసుకుని లోపలికి పారిపోయింది. నేను గిరింపేట తమ్ముడి వైపే. కాకపోతే ఓటింగుతో పాటు తిరిగి వచ్చే తేదీ కూడా రాయించాలి, ఆ కెనడా తీర్మానంలో లాగా.

కాణిపాకం రోడ్డు:
ఆ తేదీ నిలవలేదు సార్. 2008లో 198–77తో 2011కు జరిపారు. అప్పుడూ మైనారిటీయే, ప్రతిపక్షంలోని లిబరల్ పార్టీవాళ్లు చేయి కలిపారు.

పలమనేరు మాజీ జవాను:
జరపడానికైనా మళ్లీ సభకే వచ్చారు కదా. మాకు అదీ లేదు.