తినగ తినగ వేమా, చేదా?

పాఠకురాలు: వేమన పద్యంలో ఆ పాదం నాకు "తినగ తినగ చేదు తియ్యనుండు" అని నోటికొచ్చేసింది. పుస్తకాల్లో "వేము" (వేప) కనిపిస్తోంది. చేదు అనే పాఠం ఎవరైనా విన్నారా? అసలు ఈ చేదు ఎక్కడి మాట?

ఛందోప్రియ: వేమే. కానీ ఛందస్సు చూపించి తేల్చలేం. ఈ పద్యం ఆటవెలది. దాని రెండో పాదమంతా సూర్యగణాలే (మూడు మాత్రల గణాలు), వేమైనా చేదైనా గలమే (గురువు, లఘువు). యతి, అంటే పాదం మొదటి అక్షరంతో కుదరాల్సిన జోడీ, నాలుగో గణం మీద, "తి"కి "తి". మూడో గణంతో దానికి పనిలేదు. నా బాధల్లా "తియ్యగనుండు" అని పాడేవాళ్లతో. గణం చచ్చిపోతుంది! "తియ్యగుండు" అన్నా నిలుస్తుంది.

అరసున్న: నిలవడం ఏమిటండీ? "గ" ద్రుతాంతం, అంటే చివర నకారం దాగున్న మాట. అచ్చు ముందు నకారం రావాల్సిందే. అందుకే "తియ్యనుండు" ఒక్కటే సాధువు, వ్యాకరణానికి ఒప్పేది.

ఛందోప్రియ: వేమన్నకు సాధుత్వం అంటగడతారా? ఆయన బలమంతా జనం నోటి మాటే. నాలుగు ముక్కల్లో పని తేల్చేసే ఆ ధాటి ఇంకెవరికుంది!

అరసున్న: ధాటి సంగతి ఒప్పుకుంటా, "గ" మాత్రం ఒప్పుకోను. చేదు విషయానికొస్తే, తమిళంలో కైప్పు, కన్నడంలో కహి. మన భాషలో ఇలాంటిచోట క కాస్తా చ అయింది. కన్నడ కెడు మనకు చెడు, కై మనకు చెయ్యి. చేదుదీ అదే దారి. బావిలో నీళ్లు చేదడం వేరే మాట, అది తమిళ సేందుకు చుట్టం.

పాఠకురాలు: అయితే మత్తెక్కడాన్ని కైపు అంటామే, అదీ ఈ కైప్పేనా?

అరసున్న: కాదమ్మా, అది ఉర్దూ కైఫ్.

వైద్యాభిమాని: మీరంతా కటువును వదిలేశారు. కటువంటే చేదని చాలామంది రాసేస్తున్నారు. షడ్రసాల్లో చేదు తిక్తం, కటువు కారం. త్రికటు అంటే శొంఠి, పిప్పళ్లు, మిరియాలు. ఒక్కటైనా చేదుందా? హిందీ కడ్వా చూసి మనవాళ్లు తికమక పడుతున్నారు.

ఛందోప్రియ: మరి కటుకరోహిణి అనే మూలిక మాటేమిటి? పేరులో కటువు, నాలుక మీద పరమ చేదు. హిందీ రాకముందు పేరది.

వైద్యాభిమాని: మూలికల పేర్లు రసాన్ని బట్టే పెట్టారని ఎవరన్నారు?

ఛందోప్రియ: త్రికటుకు వర్తించిన లెక్క దీనికెందుకు వర్తించదో చెప్పండి ముందు.