ఇంప్రొవ్‌లో సబ్‌టెక్స్ట్: ఇద్దరి సీన్‌లో లోపలిమాట ఎందుకు నిలవడం లేదు?

తెరచాటు:
రాసిపెట్టిన నాటకంలో లోపలిమాట (సబ్‌టెక్స్ట్, అంటే పైకి అనకుండా మాటల వెనక నడిచేది) పట్టుకోవడం బాగానే వస్తోంది. స్క్రిప్టు లేకుండా అప్పటికప్పుడు అల్లుకునే ఇంప్రొవ్‌కి వచ్చేసరికి అర నిమిషంలోనే "నువ్వంటే నాకు కోపం" అని నోరు జారుతున్నాం. లేదంటే మనసులో పెట్టుకున్నది పార్ట్‌నర్‌కి అంతు చిక్కడం లేదు. దారేమిటి?

పక్కవాద్యం:
రహస్యం పెట్టుకుని దిగితే అంతేనండి. "ఈమె ఉత్తరం నేనే చింపేశాను" అన్నది ఉత్త సమాచారం, ఒంట్లో కనబడదు. దాని బదులు ఎదుటివాళ్లతో ఏం చేయించాలో ఒక్క ముక్కలో అనుకోండి: ఆపాలి, సాగనంపాలి, క్షమాపణ చెప్పించాలి. చేతులకో పని పెట్టండి. మాటలన్నీ ఆ పని మీదే నడవాలి.

తమ్ముడు దుబాయ్ వెళ్తున్నాడు, పెట్టె సర్దుతున్న అన్నకి వాణ్ని ఆపాలని ఉంది.
"దుప్పటెందుకురా, అక్కడ ఎండలేగా."
"ఏసీ రూమంట అన్నయ్యా."
"అయితే రెండు పెట్టుకో."
రెండోది పెడితే మూత పడదు. అన్న మొత్తం బయటికి తీసి మళ్లీ మొదలుపెడతాడు. "వెళ్లొద్దు" అనలేదు, అయినా వెనక వరసకీ అందుతుంది.

ఎదురుబల్ల:
అదొక్కటే చాలదు, స్టేటస్ కూడా చూసుకోవాలి, అంటే ఇద్దరిలో ఎవరిది పైచేయి, ఎవరు లోకువ అన్నది. ఇంప్రొవ్ గురువు కీత్ జాన్‌స్టన్ లండన్ రాయల్ కోర్ట్ థియేటర్‌లో నటులకు చెప్పిన కిటుకు ఇదే: పార్ట్‌నర్ కన్నా పిసరంత పైనో, పిసరంత కిందో ఉండండి. తల కదపకుండా మాట్లాడితే పైచేయి. మాటిమాటికీ మొహం తడుముకుంటే లోకువ. మాటకు ముందు "ఆఁ..." అని సాగదీసేవాడు పైవాడు, "అ" అని తుంచేసేవాడు కిందివాడు. మీ కోరిక తెలియకపోయినా పార్ట్‌నర్‌కి ఇది తగులుతుంది. తేడా మరీ పెంచారో, దొర-పాలేరు కామెడీ అయి కూర్చుంటుంది.

తెరచాటు:
పార్ట్‌నర్ సూటిగా "ఏమైంది నీకు?" అనేస్తే? దాటేస్తే బ్లాక్ చేసినట్టేగా, అంటే పార్ట్‌నర్ అందించినదాన్ని తోసిపుచ్చినట్టేగా?

పక్కవాద్యం:
కాదండి. "ఏం లేదు. ఆ తాడు ఇలా ఇవ్వు" అన్నారంటే ప్రశ్న తగిలిందని అందరికీ తెలుస్తూనే ఉంది. అసలు వినబడనట్టు నడిస్తేనే బ్లాక్. రెండోసారి అడిగితే చేతిలో పని చెడాలి, ముడి జారిపోవాలి. మూడోసారి చెప్పేయండి. ఇంకా దాస్తే చూసేవాళ్లకి విసుగు.

ఎదురుబల్ల:
సాధనకి: ఎనిమిది చీటీల మీద ఎనిమిది కోరికలు రాసి ఇద్దరూ చెరొకటి తీయాలి, సీన్ రెండు నిమిషాలు. ఎవరికేం కావాలో చూసేవాళ్లు కాగితం మీద రాయాలి. తలా ఒకటి రాశారంటే కోరిక నీరసంగా ఉన్నట్టు, లేదా ఎవరు ఎవరికేమవుతారో, ఎక్కడున్నారో మొదటి మూడు డైలాగుల్లో తేలనట్టు. ఎక్కువగా రెండోదే. అందరూ పది సెకన్లకే పట్టేస్తే అవే చీటీలతో మళ్లీ ఆడించండి, ఈసారి ఒకరి మొహం ఒకరు చూడకూడదు.