క్యాసెట్ ప్లేయర్ మరీ స్పీడ్‌గా తిరుగుతోంది, మోటార్ మార్చాలా?

ఎంవీపీ కాలనీ నుంచి: నాన్నగారి పాత టూ-ఇన్-వన్‌లో రేడియో బాగుంది, క్యాసెట్ పెడితే మాత్రం ఘంటసాల గారి గొంతు కూడా చిన్నపిల్లల గొంతులా వస్తోంది. బెల్టు కొత్తదే. మన వైజాగ్‌లో ఎవరైనా ఇలాంటిది బాగుచేసుకున్నారా?

గాజువాక నుంచి: అప్పుడే మార్చకండి. టేపుని లాగే సన్నటి కడ్డీ, క్యాప్‌స్టన్, దానికి తెగిన టేపు ముక్క చుట్టుకుందేమో చూడండి, కడ్డీ లావైతే టేపు వేగంగా పోతుంది. డబుల్ డెక్ (రెండు క్యాసెట్లు పట్టేది) అయితే హైస్పీడ్ డబ్బింగ్ స్విచ్, అంటే ఒక క్యాసెట్ నుంచి ఇంకోదానికి వేగంగా కాపీ చేసేది, ఆన్‌లో ఉండిపోయిందేమో కూడా చూడండి.

భీమిలి నుంచి: అవన్నీ బాగుంటే మోటార్ వెనక చిన్న రంధ్రం వెతకండి, చాలా వాటికి ఉంటుంది, లోపల స్పీడ్ ప్రీసెట్, అంటే వేగం సరిచేసే చిన్న స్క్రూ ఉంటుంది, క్యాసెట్ పాడుతుండగానే సన్న స్క్రూడ్రైవర్‌తో మెల్లగా, కొంచెం కొంచెంగా తిప్పండి. ఈ ఉప్పుగాలికి ప్రీసెట్ కాంటాక్ట్ పాడవడం మామూలే. చెవిని నమ్మకండి! 3150 హెర్ట్జ్ టెస్ట్ క్యాసెట్ (ఒకే స్థాయి శబ్దం రికార్డు చేసినది) పెట్టి ఫోన్‌లో ఫ్రీక్వెన్సీ యాప్‌తో చూడండి, 3150 చూపిస్తే టేపు సరైన వేగంతో, అంటే సెకనుకు 4.76 సెంటీమీటర్లు, పోతున్నట్టే.

గాజువాక నుంచి: మార్చాల్సే వస్తే పాత మోటార్ మీదున్న ఓల్టేజీ, ఆర్‌పీఎం (నిమిషానికి ఎన్ని చుట్లు), తిరిగే దిశ మూడూ కలవాలి. 2400 ఆర్‌పీఎం స్థానంలో 4800ది వేస్తే మళ్లీ ఇదే గోల.