ఎస్‌టీ-లింక్‌తో ఒకసారి ఎక్కింది, రెండోసారి ఎక్కట్లేదు (ఎస్‌టీఎం32ఎఫ్103, బోరు మోటారు స్టార్టర్ బోర్డు)

వంశధార_గట్టు, గుణుపురం

అందరికీ నమస్తే. మా వైపు బోర్లకి సింగిల్ ఫేజు ఆటో స్టార్టర్ బోర్డు తయారుచేస్తున్నాం. కరెంటు వచ్చిపోతుంటుంది కదా, వోల్టేజి 170కి దిగితే రిలే వదిలెయ్యాలి, బోరులో నీళ్లు అయిపోతే మోటారు ఆగాలి. అంతే పని. చిప్పు ఎస్‌టీఎం32ఎఫ్103సీ8టీ6 అనే మైక్రోకంట్రోలర్, పీసీబీ సొంతంగా గీసిందే. 5 బోర్డులు సోల్డర్ అయ్యాయి.

నాలుగింటిలో మొదటిసారి ప్రోగ్రామ్ బాగానే ఎక్కింది. ఎల్ఈడీ కొట్టుకుంటోంది, రిలే పనిచేస్తోంది. కోడ్ మార్చి మళ్లీ ఎక్కిద్దామంటే క్యూబ్‌ప్రోగ్రామర్ (ప్రోగ్రామ్ ఎక్కించే ఎస్‌టీ సాఫ్ట్‌వేర్) "నో ఎస్‌టీఎం32 టార్గెట్ ఫౌండ్" అంటోంది. ఐదోది మొదటి నుంచీ అదే పాట.

ప్రోగ్రామ్ ఎక్కించే యూఎస్‌బీ డాంగిల్ నకలు ఎస్‌టీ-లింక్ వీ2. నాలుగే వైర్లు: 3.3, గ్రౌండ్, ఎస్‌డబ్ల్యూడీఐఓ (డేటా), ఎస్‌డబ్ల్యూసీఎల్‌కే (క్లాక్). పొడవు జానెడు. అదే డాంగిల్‌తో బ్లూపిల్ అనే రెడీమేడ్ ఎస్‌టీఎం32 బోర్డు ఎక్కుతోంది కాబట్టి డ్రైవర్ తప్పు కాదనుకుంటున్నా. రీసెట్ పిన్నుకి 10 మైక్రోఫారడ్ కెపాసిటర్ పెట్టాం, కరెంటు మినుకుమన్నప్పుడు చిప్పు తిక్కగా లేవకుండా. సప్లై 230 నుంచి 1 మైక్రోఫారడ్ ఎక్స్2 కెపాసిటర్ డ్రాపర్, బ్రిడ్జి, 12 వోల్టుల జెనర్, ఆ తర్వాత 3.3 రెగ్యులేటర్. చిప్పులు పోయినట్టేనా? మళ్లీ విశాఖ నుంచి తెప్పించుకోవాలంటే వారం.


నాగావళి_రేవు, రాయగడ

చిప్పుల సంగతి తర్వాత బాబూ. ఆ బోర్డుకి మెయిన్స్ తగిలించి ఎస్‌టీ-లింక్ పెడుతున్నారా? పెడుతుంటే ఇప్పుడే ఆపండి.

కెపాసిటర్ డ్రాపర్‌లో ట్రాన్స్‌ఫార్మర్ లేదు. మీరు గ్రౌండ్ అనుకుంటున్న రాగి నేరుగా కరెంటు లైనుతో కలిసే ఉంది. ముందు బ్రిడ్జి ఉన్నా అది విడదీయదు. ప్లగ్గు తిరగబడి కెపాసిటర్ లేని వైరు ఫేజు అయితే ఆ గ్రౌండ్ మీద ఫేజే ఉంటుంది. డాంగిల్ గ్రౌండ్ ల్యాప్‌టాప్ బాడీకి, ఛార్జర్ గుండా ఎర్తుకి పోతుంది. మొదట పోయేది డాంగిల్, తర్వాత యూఎస్‌బీ పోర్టు. ఆ సమయానికి బోర్డు మీద చెయ్యుంటే మీరే. ఛార్జర్ తీసేసి బ్యాటరీ మీద చేస్తే చాలదా అంటారు కొందరు. చాలదు, అప్పుడు ల్యాప్‌టాప్ మొత్తం ఫేజు మీద తేలుతుంది.

ప్రోగ్రామ్ ఎక్కించేటప్పుడు మెయిన్స్ వైర్లు రెండూ విప్పెయ్యండి, స్విచ్చి ఆపితే సరిపోదు. ఎక్స్2 కెపాసిటర్‌కి అడ్డంగా 470 కిలో ఓమ్‌ల బ్లీడర్ (ఛార్జి ఖాళీ చేసే రెసిస్టర్) ఉందో లేదో చూడండి. లేకపోతే వైరు విప్పాక కూడా 300 వోల్టుల పైన నిలిచి ఉండొచ్చు, వేలు తగిలితే తెలుస్తుంది. చిప్పుకి డాంగిల్ ఇచ్చే 3.3 చాలు. రిలే 12 వోల్టులది కాబట్టి ఆ సమయంలో కదలదు, కదలక్కర్లేదు కూడా. మెయిన్స్ మీద నడుస్తుండగా డీబగ్ చెయ్యాల్సిందే అంటే యూఎస్‌బీ ఐసొలేటర్ కొనండి.


బరంపురం_బిట్లు

నాగావళి గారు చెప్పింది చేశాకే ఇది చదవండి.

మీరు ఒకే జబ్బు అనుకుంటున్నారు గానీ ఇవి రెండు. ఒకసారి ఎక్కి ఆగిపోయిన నాలుగూ ఒక కేసు, అసలు ఎక్కనిది వేరే కేసు. కలిపి వెతికితే రెండూ దొరకవు.

నాలుగింటి సంగతి దాదాపు ఖాయంగా చెప్పొచ్చు. క్యూబ్ఎంఎక్స్‌లో (పిన్నులు ఎంచుకుంటే మొదటి కోడ్ రాసిచ్చే ఎస్‌టీ సాఫ్ట్‌వేర్) ప్రాజెక్టు మొదలుపెట్టినప్పుడు సిస్ విభాగంలో డీబగ్ "నో డీబగ్" అనే ఉంటుంది. దాన్ని "సీరియల్ వైర్"కి మార్చకపోతే ఎఫ్1 చిప్పులకి అది రాసే కోడ్‌లో, హాల్ ఎంఎస్‌పీ ఇనిట్ ఫంక్షన్‌లో, ఎస్‌డబ్ల్యూజే డిజేబుల్ అనే, డాంగిల్ దారి మూసేసే లైను వచ్చి కూర్చుంటుంది. ప్రోగ్రామ్ లేచిన కొన్ని మిల్లీసెకన్లలోనే పీఏ13, పీఏ14 మామూలు పిన్నులైపోతాయి, డాంగిల్ ఎంత పిలిచినా పలికే వాళ్లుండరు. మొదటిసారి చిప్పు ఖాళీ, అందుకే ఎక్కింది. చిప్పులు పోలేదు. మీ ప్రోగ్రామే లోపలి నుంచి గడియ పెట్టుకుంది.

గడియ తియ్యాలంటే ఆ ప్రోగ్రామ్ నడవకుండా చిప్పుని లేపాలి. బూట్0 అంటే 44వ పిన్ను. మీ బోర్డులో అది 10 కిలో ఓమ్‌తో గ్రౌండ్‌కి ఉంటే, చిన్న వైరుతో 3.3కి తాకించి పట్టుకుని పవర్ తీసి పెట్టండి. ఫ్యాక్టరీ బూట్‌లోడర్ లేస్తుంది, ఎస్‌డబ్ల్యూడీ, అంటే డాంగిల్ మాట్లాడే దారి, తెరిచే ఉంటుంది. కనెక్ట్ చేసి ఫుల్ చిప్ ఎరేజ్ కొట్టండి, వైరు తీసెయ్యండి, డీబగ్ సీరియల్ వైర్ పెట్టి మళ్లీ తయారుచేసిన కోడ్ ఎక్కించండి. పాత హెక్స్ ఫైల్ ఎక్కించారో, మళ్లీ మొదటికే.

బూట్0ని నేరుగా గ్రౌండ్ రాగిలో కలిపేసి గీసి ఉంటే ఆ వైరు తాకించొద్దు, 3.3 షార్టవుతుంది. అప్పుడు చేతి పని: రీసెట్ పిన్నుని గ్రౌండ్‌కి నొక్కి పట్టి, కనెక్ట్ కొట్టి, వెంటనే వదలాలి. నాలుగైదుసార్లలో ఒకసారి అందుతుంది.

ఇవేవీ కుదరకపోతే సీరియల్ దారి ఉంది. బూట్0 పైకి, పీబీ2 కిందికి, పీఏ9 టీఎక్స్, పీఏ10 ఆర్ఎక్స్, 115200, ఈవెన్ ప్యారిటీ. ప్యారిటీ మర్చిపోతే పలకదు.


బల్లార్షా_బోర్డులు

అన్నా, జర గా రీసెట్ కెపాసిటర్ సంగతి చూడుండ్రి. 10 మైక్రో మస్తు ఎక్కువ. చిప్పు లోపలి పుల్అప్ 40 కిలో ఓమ్ దగ్గర, రెండూ కలిస్తే 0.4 సెకను. రీసెట్ వదిలినంక పిన్ను మెల్లగ లేస్తది, అండర్ రీసెట్ మోడ్‌ల (రీసెట్ పట్టి ఉంచి కనెక్ట్ చేసేది) గిది లెక్క తప్పిస్తది. 100 నానోఫారడ్ చాలు, ఎస్‌టీ డేటాషీట్ల గదే ఉంటది. కరెంటు మినుకుమంటే ఆ పెద్ద కెపాసిటర్ పనికి రాదు, గంత తొందరగా అది ఖాళీ కాదు. దానికి చిప్పులనే పీవీడీ (సప్లై దిగితే పసిగట్టేది) ఉంది, 2.9 వోల్టులకు పెట్టి ఇంటరప్ట్‌ల రిలే వదిలెయ్యుండ్రి.

ఇంకోటి. చాన నకలు డాంగిల్స్‌ల ఆర్ఎస్‌టీ అని రాసి ఉన్న పిన్ను ఎస్‌టీఎం8 కోసం, 32కి రీసెట్ ఇయ్యది. కనెక్ట్ అండర్ రీసెట్ పెట్టి పని కాలేదంటే తప్పు మీది కాదు. డబ్బా మీద అచ్చేసిన పిన్నుల వరస లోపలి బోర్డుతోని కలవనివి కూడ ఉంటయి, మూత గుంజి చూస్కోండ్రి.


వంశధార_గట్టు

బరంపురం వారు చెప్పినట్టే ఉంది, నో డీబగ్ అనే ఉంది. బూట్0కి వైరు తాకిస్తే నాలుగూ దొరికాయి, ఇప్పుడు ఎన్నిసార్లయినా ఎక్కుతున్నాయి. ఒక బోర్డు మాత్రం క్యూబ్‌ప్రోగ్రామర్‌లో ఎక్కుతుంది గానీ క్యూబ్ఐడీఈలో డీబగ్ నొక్కితే "కుడ్ నాట్ వెరిఫై ఎస్‌టీ డివైస్" అంటోంది. ఏటది? బ్లీడర్ లేదు నాగావళి గారూ, పెడుతున్నాం.

ఐదోది బూట్0 పైకి పెట్టినా పలకట్లేదు. 24, 36, 48 పిన్నుల మీద 3.3 ఉంది. రీసెట్ మీద 0.4.


బల్లార్షా_బోర్డులు

గా ఒక్కటి నకలు చిప్పు. ఎస్‌టీ వాళ్ల డీబగ్ సర్వర్ పోల్చుకొని నై అంటది. అసలు ఎఫ్103 ఐడీ 1బీఏ01477, నకలుది చానసార్లు 2బీఏ01477. ఓపెన్ఓసీడీ అనే ఇంకో డీబగ్ సాఫ్ట్‌వేర్‌ల సీపీయూట్యాప్ఐడీ 0 పెడితే నడుస్తది. కాని రైతు పొలంల పెట్టే బోర్డు మీద గా చిప్పు పెట్టకుండ్రి, బెంచ్ మీద ఆడుకునేటందుకు ఉంచుకోండ్రి.


బరంపురం_బిట్లు

రీసెట్ 0.4 అంటే చిప్పు అసలు నిద్ర లేవలేదు. ముందు ఆ 10 మైక్రో పీకి చూడండి, ఎలక్ట్రోలైటిక్ అయి, తిరగేసి పెట్టి ఉంటే లీకవుతుంది. పీకాక కూడా 0.4 ఉంటే 9వ పిన్ను కొలవండి, అది వీడీడీఏ, అనలాగ్ సప్లై. దాన్ని ఏడీసీకి మాత్రమే అనుకుని వదిలేస్తారు, కానీ ఈ చిప్పులో రీసెట్ సర్క్యూట్ కూడా ఆ సప్లై మీదే బతుకుతుంది.

ప్రోబు పీసీబీ ప్యాడ్ మీద కాదు, చిప్పు కాలు మీదే పెట్టండి. ప్యాడ్ మీద 3.3, కాలు మీద 1 వోల్టు లోపు వస్తే కాలు ప్యాడ్‌కి అంటలేదు, పైకి మెరుస్తూనే ఉంటుంది. 8, 9 పిన్నుల మీద ఫ్లక్స్ రాసి, కొత్త సోల్డర్ పెట్టకుండా శుభ్రమైన మొనతో ఒక్కసారి లాగండి. ప్యాడ్ మీదే లేకపోతే వీడీడీఏ దారిలో పెట్టిన ఫెరైట్ బీడ్ చూడండి, ఓమ్ మీటర్‌లో ఒకటి రెండు ఓమ్‌లు దాటకూడదు.

చిప్పు వేలికి వేడిగా తగులుతుంటే ఇవన్నీ వద్దు. అడ్డంగా తిప్పి సోల్డర్ చేసి ఉంటారు, చుక్క ఏ మూలన ఉందో మిగతా నాలుగు బోర్డులతో పోల్చండి.